ఇరవై మూడో నంబరు

ముప్పై తొమ్మిది, నలభై, నలభై ఒకటి. నలభై రెండో చుట్టు దగ్గర ఇమాం హుస్సేన్ పిడి తిప్పడం ఆపి, పెట్టెకు చెవి ఆనించాడు. లోపల స్ప్రింగు బిగిసి చిన్నగా మూలిగింది. ఇంకొక్క చుట్టు తిప్పితే పట్టేస్తుంది, ఒక్కటి తగ్గితే ఏడో నిమిషంలో చక్రం నీరసిస్తుంది. తొమ్మిదేళ్ళుగా తిప్పుతున్నాడు, కళ్ళు మూసుకుని తిప్పగలడు. అయినా లెక్కపెట్టకుండా ఒక్కరోజూ తిప్పలేదు. గడియారాలు బాగుచేసి బతికిన మనిషికి లెక్క తప్పితే అన్నం సయించదు.

సన్నటి మనిషి. ఇరవై ఏళ్ళు బల్ల మీదికి వంగి గడియారాలు విప్పడంతో మెడ ముందుకు వాలిపోయింది. భూతద్దం ఇరికించుకుని ఇరికించుకుని కుడికన్ను చుట్టూ చర్మం ముడతలు పడింది. ఎడమకన్ను మాత్రం ఇంకా కుర్రాడి కన్నే. కొత్తవాళ్ళు చూస్తే తమకు కన్ను కొడుతున్నాడనుకుంటారు. ఒక పంతులమ్మ అలాగే అనుకుని ప్రిన్సిపాలు గది దాకా వెళ్ళింది కూడా! ఖాకీ కోటుకి పైనుంచి మూడో గుండీ లేదు. భార్య జైతున్‌బీ ఇదిగో కుడతా, అదిగో కుడతా అంటూ ఆరేళ్ళు గడిపేసింది. ఇక సోమవారం నుంచి ఆ కోటుతో పనిలేదు.

ఆ రోజు అరవై ఆరు ఏప్రిల్ ఆఖరి శనివారం. గుంటూరులో పంతుళ్ళకు శిక్షణ ఇచ్చే ఓ కాలేజీలో, మనస్తత్వశాస్త్రం గదికి అటెండరుగా హుస్సేన్‌కి అదే ఆఖరి రోజు. యాభై అయిదు నిండాయి. సోమవారం కొత్త మనిషి వస్తాడు. వచ్చి ఈ పెట్టె తుడుస్తాడు, పిడి తిప్పుతాడు. అది ఎవరైనా చేస్తారు. కానీ మజ్జిగ సంగతి ఆ కొత్త మనిషికి తెలియదు. ఆ శాస్త్రం చెప్పే శ్యామలాంబగారికీ తెలియదు. ఈ లోకంలో ఆ సంగతి తెలిసింది హుస్సేన్‌కీ, రోజూ తిట్టుకుంటూ మజ్జిగ చిలికి ఇచ్చే జైతున్‌బీకీ మాత్రమే. సాయంత్రం గేటు దాటేలోగా అది అమ్మగారికి చెప్పాలి. చెప్పకుండా వెళ్ళిపోతే వచ్చే ఏడు మళ్ళీ పిల్లలు అన్యాయమైపోతారు.

ఆ పెట్టె అతను చేసిందే. యాభై ఏడులో చీరాల స్టేషను ఎదురుగా అతని గడియారాల బల్ల ముందు రిక్షా దిగారు శ్యామలాంబగారు. జరీ లేని నేత చీర, చేతిలో పాత గ్రామఫోను, ఏదో విదేశీ పత్రికలోంచి ఎత్తి గీసుకున్న బొమ్మ. పిల్లల మనసు ఎంతసేపు ఒకచోట నిలుస్తుందో కొలవాలిట. "పంతుళ్ళు తమకు నచ్చిన పిల్లని తెలివైంది అంటారు, నచ్చని పిల్లని మొద్దు అంటారు. మనిషి కంటికి పక్షపాతం ఉంటుంది హుస్సేనూ. యంత్రానికి ఉండదు," అన్నారావిడ. ఆ మాట అతనికి ఎంత నచ్చిందో! గడియారం గొప్పవాడికో టైము, లేనివాడికో టైము చూపించదు కదా.

రెండు నెలలు కూర్చుని చేశాడు. టేకు పెట్టె, దానికి అగ్గిపెట్టెంత కిటికీ. వెనకాల గ్రామఫోను మోటారుకు తగిలించిన చక్రం. చక్రం తిరుగుతుంటే కిటికీలో ఒక్కో అక్షరం కనబడి మాయమవుతుంది. "మ" వచ్చినప్పుడల్లా పిల్ల మీట నొక్కాలి. నొక్కితే వెనకవైపు ముల్లు ఒక గీత జరుగుతుంది. ఎనిమిది నిమిషాల్లో రెండు వందల అక్షరాలు, అందులో నలభై "మ"లు. ముప్పై దాటితే మనసు నిలిచే పిల్ల. ఇరవైకి తగ్గితే నిలవని పిల్ల. మీట వేలి కొన పట్టేంత చిన్న గుంట, దాని కింద గట్టి స్ప్రింగు. ఊరికే తగిలితే లెక్కలోకి రాకూడదని అంత గట్టిది పెట్టాడు. దాని పనితనం చూసి శ్యామలాంబగారు ముచ్చటపడి అతణ్ణి కాలేజీలో పెట్టించారు.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆవిడ తెర వెనక కూర్చుంటారు. పిల్ల ముఖం చూస్తే జాలో కోపమో కలుగుతుందని భయం. పేర్లు కూడా అడగరు. పేరు వింటే కులం తెలుస్తుంది, మతం తెలుస్తుంది, మనసు ఎటో ఒకవైపు మొగ్గుతుందంటారు. పేర్ల జాబితా బడిలోనే ఉంటుంది, ఇక్కడికి నంబర్లే వస్తాయి. తెరకి ఇవతల పిల్ల పక్కన ఉండేది ఒక్క హుస్సేనే. అతను మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు.

యాభై ఎనిమిది మార్చిలో ఇరవై మూడో నంబరు వచ్చింది. ఆ నంబరుకి పేరు రసూల్‌బీ. హుస్సేన్ ఉండే వీధిలోనే, ఖైరున్నీసా కూతురు, పదేళ్ళది. ఆ పిల్ల అతని గడపలో కూర్చుని గడియారాల పళ్ళచక్రాలు తిరగడం చూస్తుండేది. ఒకసారి ఆవగింజంత మరచీల జారి కింద పడిపోతే, హుస్సేన్ విసిగి వదిలేశాడు. రసూల్‌బీ వదల్లేదు. గంటన్నర నేలని జానా జానా వెతికి, చాప సందులోంచి తీసి అతని అరచేతిలో పెట్టింది. మనసు నిలవడం అంటే ఇంకేముంటుంది చెప్పండి?

ఆ రోజు ఆ పిల్ల మిరప గోదాం నుంచి తిన్నగా వచ్చింది. తెల్లారకముందే తల్లితో పోయి, తొడిమలు తీసి, తెల్లబడ్డ తాలుకాయలు ఏరి, బడికొచ్చి, బడి నుంచి ఇక్కడికి. మొదటి నాలుగు "మ"లు టకటకా నొక్కింది. తర్వాత వేలి కొన మంట పుట్టి నోట్లో పెట్టుకుంది. నోరు మండింది. కళ్ళలో నీళ్ళొస్తే అదే చేత్తో తుడుచుకుంది. ఇంకేముంది! కళ్ళు తెరవలేక, వేలు ఆనించలేక, మణికట్టుతో మీటని అదమడం మొదలెట్టింది. గుంట చిన్నది, మణికట్టు జారిపోయేది. ఒక్క "మ" కూడా వదలకుండా అదిమింది ఆ పిల్ల, కన్నీళ్ళలోంచి చూస్తూ. ముల్లు మాత్రం ఎప్పుడో ఒకసారి గానీ కదల్లేదు. హుస్సేన్ చేతులు కట్టుకుని నిలబడి అంతా చూశాడు.

"ఎంత?" అని అడిగారు తెర వెనకనుంచి.

"పదకొండండి."

"పాపం," అని రాసుకున్నారావిడ. హుస్సేన్ చెప్పబోయి నోరు తెరిచాడు. అంతలోనే ఆవిడ, "యంత్రం అబద్ధం చెప్పదు హుస్సేనూ. ఎంత బాగా చేశావు!" అన్నారు. ఆ ఒక్క మెచ్చుకోలుతో నోరు మూతపడింది. భయం ఒక్కటే అయితే మర్నాడైనా చెప్పేవాడే. అది భయం కాదు. తన చేత్తో చేసిన పెట్టె తప్పు చెప్పిందని తన నోటితో చెప్పడానికి మనసొప్పలేదు.

అలాంటి పిల్లలకు వేరే తరగతి పెట్టించాలని శ్యామలాంబగారి ఉద్దేశం. ఆ తరగతి రాలేదు గానీ కాయితం మాత్రం బడికి వెళ్ళింది. హెడ్మాస్టరు ఖైరున్నీసాని పిలిచి, మీ పిల్లకి మనసు నిలవదమ్మా, కాలేజీ వాళ్ళే తేల్చారు, ఊరికే బడికి తిప్పడం దేనికి అన్నాడు. ఆమె ఆ సాయంత్రం హుస్సేన్ గడప దగ్గరకొచ్చింది.

"నువ్వక్కడే ఉంటావు గదన్నా. నిజమేనా?"

"యంత్రంలో అట్లానే వచ్చింది చెల్లెమ్మా," అన్నాడు హుస్సేన్.

ఆ మాట అన్న నోటిని ఆ తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నాడో! రసూల్‌బీ బడి మానేసి గోదాంలో కూర్చుంది. ఇప్పుడు పద్దెనిమిదేళ్ళు, పెళ్ళయింది, ఏడాది పిల్ల ఉంది. వీధిలో ఎప్పుడు ఎదురైనా నవ్వుతూనే పలకరిస్తుంది. మొన్న ఒకనాడు తన పిల్లని చూపించి, "నజీరాకి నా బుర్ర రాకపోతే చాలు మామా. నాకు మనసు నిలవదు గదా," అంది. మామూలుగా అంది, నాకు పంచదార పడదు అన్నట్టుగా.

మజ్జిగ మొదలైంది రసూల్‌బీ బడి మానేసిన ఏడే. ముందు మీట కింద స్ప్రింగు వదులు చేసి చూశాడు. శ్యామలాంబగారు పసిగట్టి, ఏటేటా ఒకేలా ఉండకపోతే కొలతకు విలువేముందని మళ్ళీ బిగించమన్నారు. అప్పుడు జైతున్‌బీని అడిగాడు, మిరపమంటకి మీ ఆడవాళ్ళు ఏం చేస్తారే అని. అప్పట్నుంచీ కాయల కాలం వచ్చిందంటే ఇత్తడి ముంతలో చిక్కటి మజ్జిగ, సీసా మూతలో కొబ్బరినూనె వరండా గోడ మీద సిద్ధం.

తొమ్మిదింటికి మార్కు మాస్టారు పిల్లల్ని వెంటేసుకుని వచ్చాడు. పక్క పేట బడిలో అయిదో తరగతి ఆయనది.

"ఆరుగుర్ని తెచ్చానండీ హుస్సేన్ గారూ. సోమవారం నుంచి మాకు సెలవులు."

"ఇందులో కాయల్లోకి పోయేదెవరు మాస్టారూ?"

"ఎవరు పోరండీ? ఎండాకాలం రెండు బుట్టలు ఏరి గానీ బడికి రారు."

ఆరుగుర్నీ వరుసలో నిలబెట్టాడు. ముందున్న పిల్ల రెండు జడలు పైకి మడిచి కట్టుకుంది. వేళ్ళ కొనలు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి.

"పేరేంటమ్మా?"

"జయకుమారి."

"మండుతున్నాయా?"

"అలవాటే తాతా."

"అలవాటైతే మండదా?"

పిల్ల నవ్వేసింది. "మండుద్ది."

"ముంతలో ముంచు. ఇరవై లెక్కపెట్టు, నెమ్మదిగా."

"అయ్యో, ఇది తాగేది కాదా తాతా?"

"తాగేది కుండలో ఉందిలే. ముందు చేతులు కానీ."

లోపలినుంచి శ్యామలాంబగారి గొంతు వినబడింది. "ఏం హుస్సేనూ, ఆలస్యం?"

"చేతులు కడిగిస్తున్నానమ్మగారూ. మీటకి మురికంటుకుంటది."

ఎనిమిదేళ్ళుగా అదే అబద్ధం. మురికి పేరు చెబితే ఆవిడ ఇంకేమీ అడగరు. హుస్సేన్ పిల్ల చేతులు కోటు అంచుతో తుడిచి, ఒక్కో వేలికీ నూనె చుక్క రాశాడు. ఆ చేతుల్ని పట్టుకున్నప్పుడల్లా అతనికి వేరే చేతులు గుర్తొస్తాయి. వాటికి ఎవరూ నూనె రాయలేదు.

జయకుమారి ముప్పై ఆరు నొక్కింది. ఆరుగురిలో ఒక్కరూ ముప్పైకి తగ్గలేదు. మార్కు మాస్టారు పిల్లల్ని తీసుకుని వెళ్ళిపోయాక శ్యామలాంబగారు తెర పక్కకి జరిపి బయటికొచ్చారు. ముఖం వెలిగిపోతోంది. జుట్టు నెరిసింది గానీ నడకలో ఆ చీరాల నాటి హడావుడే.

"చూశావా? యాభై తొమ్మిది నుంచి మిరప పేటల పిల్లల అంకెలు ఎట్లా పెరిగాయో! నేను పంతుళ్ళకు నేర్పానే, పొద్దున్నే పది నిమిషాల అభ్యాసం, దాని ఫలితం ఇదంతా. జూన్‌లో వాల్తేరు సభలో చదవబోతున్నాను. పెట్టె చేసినవాడిగా నీ పేరు కూడా రాశాను, తెలుసా?"

హుస్సేన్ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇక లేదు.

"అది అభ్యాసం కాదమ్మగారూ."

"మరి?"

"మజ్జిగండి."

ఆవిడ నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయారు. అతను మొత్తం చెప్పాడు. రసూల్‌బీ పేరు ఎత్తే అలవాటు ఆ గదిలో లేదు. ఇరవై మూడో నంబరు పిల్ల అనే చెప్పాడు. వేలు నోట్లో పెట్టుకోవడం, కళ్ళు తుడుచుకోవడం, మణికట్టు జారడం, అన్నీ. తల్లితో తను అన్న మాట కూడా. చెబుతున్నంతసేపూ పెట్టె మీద లేని దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు.

"ఎనిమిదేళ్ళు!" అన్నారు శ్యామలాంబగారు. "ఎనిమిదేళ్ళ నా పని నీళ్ళపాలు చేశావు కదయ్యా! నాతో ఒక్క మాట చెప్పడానికి నీకేం వచ్చింది?"

"నేను చేసిన పెట్టె కదమ్మగారూ," అన్నాడు.

ఆవిడ పిల్లలు కూర్చునే పొట్టి బల్ల మీద ఒదిగి కూర్చుని, మీట మీద వేలు పెట్టి నొక్కారు. ఒకసారి కాదు, పదిసార్లు. ఆ వైపు నుంచి ఆవిడ ఆ గదిని చూడటం అదే మొదలు.

"గట్టిగానే ఉంది," అన్నారు. "ఇక్కణ్ణుంచి నేనసలు కనబడనే కనబడను కదూ?"

"కనబడకూడదనే కదమ్మా తెర కట్టించింది."

కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకున్నారు. "ఆ పిల్ల ఇప్పుడేం చేస్తోంది?"

"అదే గోదాంలో తాలు ఏరుతోందండి."

"సోమవారం తీసుకురా. మళ్ళీ పరీక్ష పెడతాను, తెర లేకుండా. తప్పు ఆ పిల్లది కాదు, నాదేనని నా చేత్తో రాసిస్తాను. నీ ఉద్యోగం అయిపోయిందని మానేసేవు."

"ఎట్లా మానతానమ్మగారూ? ఇప్పుడే పోయి చెబుతా."

పద్దెనిమిదేళ్ళ పిల్లకి ఆ కాయితం ఏ కూటికి పనికొస్తుందని ఎవరైనా అడగొచ్చు. హుస్సేన్ అడగలేదు. తన బుర్ర మంచిదేనని రసూల్‌బీకి తెలిస్తే చాలు. నజీరా వంక చూసి ఆ తల్లి భయపడకుండా ఉంటే చాలు. సోమవారం దాకా ఆగడం కూడా అతని వల్ల కాలేదు. ప్రిన్సిపాలు గదిలో రెండింటికి దండ వేస్తారని, ఉప్మా పెడతారని అన్నారు. అదీ మరిచిపోయాడు. గోడ మీద ముంత మరిచిపోయాడు. ఒంటిగంట ఎండలో గేటు దాటి, యాభై అయిదేళ్ళ మనిషి పరుగులాంటి నడక నడిచాడు.

గోదాం వీధి మొదట్లోనే ఘాటు ముక్కుకి కొట్టింది. రెండుసార్లు తుమ్మాడు. ఎడమ చెయ్యి ఎందుకో బరువుగా అనిపించింది, ఎండ దెబ్బ కాబోలు అనుకున్నాడు. లోపల ఆడవాళ్ళు ముక్కుకి గుడ్డలు కట్టుకుని, ఎర్రటి రాసుల చుట్టూ కూర్చున్నారు. గోనె ఉయ్యాలలో నజీరా నిద్రపోతోంది. రసూల్‌బీ అతణ్ణి చూసి గుడ్డ కిందికి లాగి నవ్వింది.

"ఏంది మామా, ఈ ఎండలో పడొచ్చావు?"

చెప్పడానికి నోరు తెరిస్తే దగ్గు వచ్చింది. కాళ్ళు నిలవలేదు. నింపి కుట్టిన మిరప బస్తా మీద కూలబడ్డాడు. రసూల్‌బీ లేచి కుండ దగ్గరకి ఉరికింది. ఆమె వేళ్ళ నిండా కారం. అందుకని గ్లాసుని రెండు మణికట్ల మధ్య ఇరికించి పట్టుకుని, వేళ్ళు దూరంగా చాపి, ఒక్క చుక్క ఒలక్కుండా తెచ్చి అతని పెదాలకు ఆనించింది.

హుస్సేన్ నీళ్ళ వంక చూడలేదు. ఆ మణికట్ల వంకే చూశాడు. ముడతల కన్నూ కుర్ర కన్నూ రెండూ నిండిపోయాయి. తప్పు నీది కాదే అమ్మా అని చెప్పాలి. యంత్రానిదే అని చెప్పాలి. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"సోమవారం..." అన్నాడు.

"సోమవారం ఏంది మామా?"

తల బస్తాకి ఆనించాడు. ఎండకి సొమ్మసిల్లాడని అందరూ కాసేపు విసిరారు. నీళ్ళు గడ్డం మీదుగా కారి, గుండీ లేని చోట కోటు లోపలికి ఇంకిపోయాయి. ఎవరో ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, జైతున్‌బీకి కబురు పంపారు.

ఆదివారం పొద్దున కాలేజీ వాచ్‌మన్ శ్యామలాంబగారింటికి వెళ్ళి, ఎండదెబ్బకి హుస్సేన్ పోయాడని మాత్రం చెప్పాడు. సోమవారం కొత్త మనిషి రాకముందే ఆవిడే గది తాళం తీశారు. వరండా గోడ మీద ముంతలో శనివారం నాటి మజ్జిగ అడుగంటి పులిసిపోయి ఉంది. దాన్ని కుళాయి దగ్గర తోమి, ఇంటినుంచి తెచ్చిన మజ్జిగ అందులో పోసి, మళ్ళీ అదే చోట పెట్టారు. హుస్సేన్ ఆ పిల్లకి చెప్పాడో, చెప్పకుండానే పోయాడో ఆవిడకు తెలియదు. చెప్పి ఉంటే వస్తుంది కదా అని ఎదురుచూశారు.

పదకొండైంది. ఎవరూ రాలేదు. పోనీ మనిషిని పంపుదామని వాచ్‌మన్‌ని పిలిచారు. "ఎవరి కోసమమ్మగారూ?" అన్నాడు వాడు. శ్యామలాంబగారు రిజిస్టరు తీసి యాభై ఎనిమిది నాటి పేజీ తిప్పారు. ఇరవై మూడు. బాలిక. పదకొండు. అంతే ఉంది. అంత సంగతి విని కూడా శనివారం తాను పేరు అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది. సెలవులకి బడి మూసేశారు, ఆ జాబితా చెదలు తినకుండా ఉందో లేదో. గుంటూరులో తాలు ఏరే ఆడవాళ్ళు ఎన్ని వందల మందో! ఆవిడ వాచ్‌మన్‌ని తన పనికి వెళ్ళమని చెప్పి, తెర కొక్కేలు ఊడదీసి, గేటు కనబడేలా కుర్చీ వేసుకుని కూర్చున్నారు.

అప్పుడు రసూల్‌బీ గోదాంలో రాశి ముందు కూర్చుని తెల్లబడిన కాయల్ని ఎర్రవాటిలోంచి ఏరుతోంది. చెయ్యి ఆడినంతసేపూ ఒక్క తాలుకాయ కూడా తప్పించుకోవడం లేదు.

"సోమవారం అన్నాడే మామ. ఏందో చెప్పబోయాడు," అంది పక్కామెతో.

"పనిలోంచి దిగిపోయాడు గదా, దాని సంగతేమోలే."

"అయ్యుంటది. చెప్పినా మాత్రం నాకు గుర్తుండేదా ఏంది? మనసు నిలిచే బుర్ర అయితేగా నాది," అని రసూల్‌బీ నవ్వి, ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది.

వరండా గోడ మీద ఎండ పడమటికి జరిగింది. ఇత్తడి ముంతలో మజ్జిగ మీద నీటితేట తేరింది, పక్కనే సీసా మూతలో కొబ్బరినూనె అలాగే ఉంది.